గోడ అడుగున నీళ్లు

గుణుపురంలో ఆరున్నర బస్సు.
పక్క సీట్లో మా కోడలి తమ్ముడు హేమసుందర్,
వాడి చేతిలో కొత్త ఫోను.
"కొండంతా మెట్లేనట మావయ్యా,
పచ్చటి మెట్లు" అంటాడు.
నాకు మెట్లంటే తెలుసు.
నలభై ఏళ్లుగా కడుతున్నవే కదా,
ఆరంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు.

పుట్టాసింగి దాటి దిగాం.
కంకర అయిపోయిన చోట రోడ్డు కాలిబాటయింది,
కాలిబాట గట్టయింది,
గట్టు మీద ఒక్క పాదమే పడుతుంది,
రెండోది గాల్లో ఆలోచిస్తూ ఉంటుంది.

మలుపులో కొండ మా వైపు తిరిగింది.
పైనుంచి వాగు దాకా మళ్లు,
కొన్ని చాపంత, కొన్ని చాటంత,
ఒకటైతే ఎద్దు తిరిగే చోటు లేక
పారతోనే తవ్వుకున్నది.
దమ్ము చేసిన మడిలో మబ్బు,
దాని కింది మడిలో నిన్నో మొన్నో నాటిన ఊడ్పు,
ఇంకా తల నిలబెట్టలేదు.
హేమసుందర్ "అబ్బ" అన్నాడు.
తర్వాత అరగంట వాడి ఫోనే మాట్లాడింది.

నేను పచ్చదనం చూళ్లేదు.
నిజం చెప్తున్నా, గోడలు చూశాను.

ప్రతి మడి కిందా ఒక రాతిగోడ,
నిలువెత్తువి, రెండు నిలువులవి.
సిమెంటు లేదు, సున్నం లేదు,
తూకంగుండు వేలాడిన జాడ లేదు.
అరచేత్తో తట్టాను, భుజంతో నెట్టాను,
తాళంచెవి తీసి సందులో దూర్చాను.
సగం పోయి ఆగింది.
గోడ కొండవైపు కాస్త వాలి ఉంది,
తోసుకొస్తున్న తలుపుకి
వీపు ఆనించి నిలబడ్డ మనిషిలా.
అడుగున ఒక రాతి నోరు.
అందులోంచి నీళ్లు, తొందర లేకుండా,
పై మడి తాగగా మిగిలినవి,
చిటికెడు మట్టి కూడా వెంట తేకుండా.

పోయిన శ్రావణంలో
హాస్టలు వెనక నేను కట్టిన గోడ
రాత్రికి రాత్రి కూలింది.
ఎవరికీ ఏమీ కాలేదు, ఒక మేకకి తప్ప.
వాన ఎక్కువైందని కాగితంలో రాశారు.
నీళ్లు పోవడానికి ముప్ఫై రెండు పైపులు పెట్టాలి.
పెట్టినవి తొమ్మిది.
మిగతా ఇరవై మూడింటి డబ్బులో నా వాటా
మూడు వేల ఆరొందలు.
కంట్రాక్టరుకి తెలుసు, నాకు తెలుసు.
ఇప్పుడు ఈ నీళ్లకి తెలిసింది.

ఒకచోట గోడ బొజ్జ కట్టింది.
దాన్ని విప్పి మళ్లీ పేరుస్తోంది ఒక ముసలామె,
చెవితమ్మెల్లో కర్రబిళ్లలు, మోకాలి దాకా బురద.
పేరు సొంబారి రైక.
ఆమెది సంత తెలుగు, ఉప్పు, చింతపండు, ఎంత, ఇయ్యి.
నా సవర భాష అంత కూడా లేదు.
ఒక రాయి ఎంచి అందించాను,
ముఖం చదునుగా ఉన్నది, మేస్త్రి కంటికి నచ్చేది.
తిప్పి చూసి పక్కన పడేసింది.
ఇంకోటిచ్చాను. అదీ పడేసింది.
తనే ఒక వంకర రాయి తీసింది,
నేనైతే పునాదిలో కూడా వెయ్యను,
సందులో పెట్టి మడమతో ఒక్క తన్ను తన్నింది.
కూర్చుంది.
దాని వెనక చిన్నరాళ్లు, వాటి వెనక ఇంకా చిన్నవి.
నా చెయ్యి పట్టుకుని లోపల పెట్టింది,
చల్లగా, తడిగా, ఖాళీగా.
"డా" అంది.
ఊటని వేలితో చూపించి,
"పోవాలి" అంది తెలుగులో.
సంతలో ఆఖరి బస్సు కోసం నేర్చుకున్న మాటేమో.

తిరుగు బస్సులో నూట పద్నాలుగు ఫొటోలు.
ఒకదాని మూలన మసగ్గా ఎవడో వంగి ఉన్నాడు.
"అడ్డొచ్చావు మావయ్యా, కత్తిరించేస్తా."
ఉంచరా అన్నాను.

గుణుపురంలో దిగి ఇంటికి పోలేదు.
హాస్టలు వెనక కొత్త గోడకి ముగ్గు పోసి ఉంది,
రేపు పని మొదలు, మళ్లీ నేనే మేస్త్రిని.
ఇసక గుట్ట పక్కన పైపులు.
చీకట్లో తడిమి లెక్కపెట్టాను.
పదకొండు.
మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాను.